పిట్టగోడ

ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీ గోడలు
మూరెడు మందం.
చలి బయటికి పోకూడదని కట్టారు.
సిగ్నల్ లోపలికి రావాల్సిన రోజొకటి వస్తుందని
ఆ తాపీమేస్త్రికేం తెలుసు?

క్రషర్ బేరింగ్ మార్చాను.
రెండు గంటల పది నిమిషాలు.
అమోనియా ఘాటుకి కళ్లలో నీళ్లు,
మోచేతుల దాకా గ్రీజు.
చొక్కా జేబులో కంపెనీ ఫోను మాత్రం
నేనింకా దారిలోనే ఉన్నాననుకుంటోంది.

దానికి తెలిసేదాకా పని పని కాదు.
విప్పకముందొక ఫొటో, బిగించాకొక ఫొటో,
పార్టు నంబరు, నిలబడ్డ చోటు,
ఆఖర్న అద్దం మీద
మేస్త్రి వేలితో సంతకం.

చోడిపల్లి ఎల్లాజీ ముప్పయ్యేళ్లుగా
ఐసు దిమ్మలు లాగుతున్నవాడు.
వేలు పెట్టాడు. అద్దం పలకలేదు.
లుంగీకి తుడుచుకుని పెట్టాడు.
ఊదుకుని పెట్టాడు.
"నా ఏలికి పేణం నేదనుకుంటంది బాబూ ఇది"
అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
ఆ వేలిని నా రెండరచేతుల మధ్య పెట్టి
రుద్దాను, చాలాసేపు.
వెచ్చబడ్డాక ఒక వంకర గీత పడింది
తెప్ప అడుగులా.

ఇప్పుడా గీతని హైదరాబాదు చేర్చాలి.

జెట్టీ చివర, డీజిల్ బంకు వెనక
ఒక పిట్టగోడ.
యారాడ కొండ కాస్త పక్కకి తప్పుకునేది అక్కడే.
మామూలుగా రెండు గీతలు,
గాలి మంచిదైతే మూడు.

అప్పటికే ముగ్గురున్నారు దాని మీద.
పడవల బీమా సర్వేయరు,
కిస్తీలు వసూలు చేసే కుర్రాడు,
రొయ్యల కౌంటు ఎక్కించే మెర్లిన్,
జ్ఞానాపురం నుంచి వస్తుంది.
ఒకరి కంపెనీ పేరు ఒకరికి సరిగా తెలీదు.
ఎవరి ఫోనుకి ఏ పిన్ను పడుతుందో అందరికీ తెలుసు.
పవర్ బ్యాంకు చేతులు మారుతుంటుంది,
గోలీసోడాలాగ.

మా నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు.
పొద్దున్న గేటు దగ్గర ఇత్తడి బిళ్ల తీసుకుని
సైరన్ కూశాక అక్కడే తగిలించేసి వచ్చేవాడు.
బిళ్ల రాత్రంతా గేటు దగ్గరే.
నా బిళ్ల
నా దిండు పక్కనే పడుకుని
రెండింటికోసారి మూలుగుతుంది.

అలాగని తిట్టలేను దీన్ని.
ఇదివరకు సాయంత్రం ఆటోనగర్ పోయి
కార్బన్ కాపీలు అప్పజెప్పి,
రేపటి అడ్రసులు సిగరెట్టు పెట్టె మీద రాసుకుని
ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర.
నిరుడు, తుఫాను ముందు రోజు,
లోపల గ్యాసు లీకై అందరూ బయటికి పరిగెడుతుంటే
ఈ గోడ మీదే పాత మిషను బొమ్మ తెరిచి
వాల్వు ఏ మూలుందో చూసి
ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వెనక్కి వెళ్లాను.
ఆ రోజు ఫోనుకి దండం పెట్టాను.
మళ్లీ పెట్టలేదు.

సుడి తిరుగుతోంది తెర మీద.
చెయ్యెత్తాను. పక్కవాళ్లూ ఎత్తారు.
ఎండుచేపల గంప దించుకున్న ముసలమ్మ
మావైపు చూసింది, ఆకాశంవైపు చూసింది.
"ఏటి నాయినా, మబ్బుకి సూపెడతన్నారా?
వానొస్తాదంటదా?"
సర్వేయరు "లేదమ్మా, ఆఫీసు" అన్నాడు.
"ఎక్కడ?" అంది, నిజంగానే వెతుకుతూ.

వెనక క్రషరు మోత.
పగిలిన ఐసు గొట్టంలోంచి జరజరా
పడవ కడుపులోకి జారుతోంది.
కాసేపటికి తాడు విప్పారు.
ఎల్లాజీ గట్టు మీంచి చెయ్యూపాడు,
ఆ వేలున్న చెయ్యే.
పడవ మలుపు దాటి సముద్రంలో పడింది.

ఫోను అంటోంది:
మీరు ఇంకా చేరుకోలేదు.

"ఇటు జరగండన్నా" అంది మెర్లిన్
తన డబ్బా పక్కకి తీస్తూ,
"ఇక్కడ మూడోది వస్తోంది."

జరిగాను.